ఒక్కరు తగ్గినా లేవని ఓడ

మొన్న గుంటూరు నుంచి మాచర్ల పోయే రైల్లో నా ఎదురు సీట్లో ఒక పిల్ల కూర్చుని లావుపాటి ఇంగ్లీషు పుస్తకం చదువుకుంటోంది. ఇంజనీరింగంట. నేను చాలా ఏళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఎవరి చేతిలో పుస్తకం కనపడినా దాని అట్ట చూడందే నాకు కుదురుండదు. మెడ సాచి చూశాను. అట్ట మీద ఒక సిపాయి, నెత్తిన గాజుబుడ్డి లాంటి టోపీ. వాడి కాళ్ళ దగ్గర నుంచి రెండు నీడలు. ఒకటి కుడికి పడింది, ఒకటి ఎడమకి పడింది.

ఇన్నేళ్ళ తర్వాత, అదీ రైల్లో, ఎవరో పిల్ల చేతిలో!

"ఏమ్మా, ఈ కథలో ఆకాశంలో పోయే ఓడ ఉంటది కదూ? కెప్టెను ఆడమనిషి కదూ?" అన్నాను.

ఆ పిల్ల కళ్ళజోడు పైకి తోసుకుని నన్నూ నా నేత చీరనీ చూసింది. "మీరు చదివారా మామ్మగారూ ఇది? చానా పాత క్లాసిక్. యుద్ధాలూ అంతరిక్షం కథలు రాసినోళ్ళంతా దీని దగ్గర నేర్చుకున్నోళ్ళే అంటారు. మా క్లాసులో అబ్బాయిలు ఆడే వీడియో గేముల్లో సగం దీన్లోంచి వచ్చినవే."

"చదవలేదమ్మా. విన్నాను. బస్సులో" అన్నాను.

ఎవరు చెప్పారని అడిగింది. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం నా వల్ల అవుతుందా? రైలు నడికుడి దాటేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే "నా పేరెందుకు టీచరమ్మా, డ్యూటీకి పేరుంటదా" అని పై లోకం నుంచే కసిరే మనిషి. మేమందరం మిలిట్రీ అనేవాళ్ళం. సైన్యంలో చేసి వచ్చి కండక్టరయ్యాడు. ఎనభైల నాటి మాట ఇది. మాది రెంటచింతల. నా ఉద్యోగం గురజాలలో ఒక హైస్కూల్లో. మాచర్లలో బయల్దేరిన ఎర్ర బస్సు పొద్దున్నే మా ఊళ్ళో ఆగేది. ఆ బస్సుకు కండక్టరు ఆయన, డ్రైవరు బాషా భాయ్.

బస్సు సంగతి ముందు చెప్పాలి. దానికి సెల్ఫు పనిచేసేది కాదు. ఒకసారి ఇంజన్ ఆపితే మళ్ళీ మగవాళ్ళు దిగి నెట్టాల్సిందే. అందుకని బాషా భాయ్ టీ తాగుతున్నా, బీడీ కాలుస్తున్నా ఆ బస్సు గుడగుడమంటూ ఒణుకుతూనే ఉండేది. డిపోలో ఎన్నిసార్లు చెప్పినా బాగుచెయ్యలేదని ఆయన ఏడుపు. బాగుచెయ్యకపోవడమే మంచిదయిందని నేను ఇప్పటికీ అంటాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

మిలిట్రీ మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. గంజి పెట్టిన ఖాకీ చొక్కా మడత సాయంత్రందాకా నలిగేది కాదు. ఆ ఎండలో మాకందరికీ ఒళ్ళు చెమటలు కారుతుంటే ఆయనకొక్కడికి చెమట ఎట్టా పట్టదో అని మాలో మేం నవ్వుకునేవాళ్ళం. చేతి గడియారం ముఖం లోపలి వైపుకు పెట్టుకునేవాడు. బస్సు ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. "కూచోరాదయ్యా, కాళ్ళు పీకవా" అని ముసలోళ్ళు అంటే "కాపలావాడు కూచోకూడదవ్వా" అనేవాడు. గురజాల చేరేదాకా మంచినీళ్ళు గూడా తాగేవాడు కాదు. మనిషి అంత పద్ధతి. చిల్లర విసిరినట్టు ఇస్తే చాలు, "పద్ధతి! పద్ధతి!" అని అరిచేవాడు. ఆ అరుపుకి పసిపిల్లలు ఏడుపు మాని చూసేవాళ్ళు.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం ఇంకొకటుంది. అందరు కండక్టర్ల లాగా ఊరికే "రైట్" అనేవాడు కాదు. ప్రతి ఊళ్ళో, ప్రతి స్టాపులో, కదిలే ముందు ఫుట్‌బోర్డు మీద నిలబడి గొంతెత్తి అడిగేవాడు.

"అందరూ ఉన్నట్టేనా?"

బస్సంతా "ఉన్నాం" అనాలి. అంటేనే రైట్. ఎవరూ పలక్కపోతే మళ్ళీ అడుగుతాడు. అప్పటికీ పలక్కపోతే దిగి బస్సు చుట్టూ తిరిగి, రోడ్డు పక్కన తుమ్మచెట్ల వెనక గూడా చూసొస్తాడు. కొత్తగా ఎక్కినోళ్ళు "ఏంది ఈ ఎర్రిబాగులతనం" అని విసుక్కునేవాళ్ళు. రోజూ ఎక్కేవాళ్ళం మాత్రం ఒకళ్ళకోసం ఒకళ్ళం పలకడం నేర్చుకున్నాం. నేను రాకపోతే "టీచరమ్మ రాలా" అని ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. నేను చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తుకొస్తుంటే బస్సు గుడగుడలాడుతూ ఆగి ఉండేది. లోపలున్నోళ్ళు నన్ను తిట్టేవాళ్ళు, ఆయన మాత్రం ఒక్క మాటనేవాడు కాదు.

ఒకసారి ఎవరో పెద్దాయన చెట్టు చాటుకు వెళ్ళాడు. ఆయన తరఫున ఇంకెవరో "ఉన్నాం" అనేశారు. చానా దూరం పోయాక ఖాళీ సీటు చూసి మిలిట్రీ ఆపించాడు. బస్సును వెనక్కి తిప్పించాడు. అంతదూరం వెనక్కా అని అందరం గోల చేశాం. ఆ పెద్దాయన మైలురాయి మీద కూర్చుని తాపీగా చుట్ట కాలుస్తున్నాడు. "మిలిట్రీ బస్సు కదా, వస్తదిలే అని కూచున్నా" అన్నాడు. మేం తిట్టడానికి నోరెత్తి నవ్వేశాం.

ఈ అడగడం ఆయనకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, పుస్తకం నుంచి. ఆయన టికెట్ల తోలుసంచిలో ఎప్పుడూ ఒక ఇంగ్లీషు నవల ఉండేది. అట్ట ఊడిపోతే గోనెదారంతో కుట్టాడు. అట్ట మీద రెండు నీడల సిపాయి. మిలిట్రీ ఆసుపత్రిలో ఉండగా పక్కమంచం ఆఫీసరు ఇచ్చాడంట. "మరి ఆయనకి తిరిగి ఇవ్వలేదా?" అని ఒకరోజు అడిగాను. నా మాట వినపడనట్టు బెల్లుతాడు లాగి, అటు తిరిగి, ఎవరూ దిగని చోట బస్సు ఆపించాడు. మళ్ళీ ఆ సంగతి నేనెత్తలేదు.

టికెట్లన్నీ కొట్టడం అయిపోయాక మధ్యలో కమ్మీకి ఆనుకుని ఆ కథ చెప్పేవాడు. ఇంజన్ మోత మీదుగా వినపడాలి కాబట్టి కేక పెట్టినట్టు చెప్పేవాడు. రోజూ కొంచెం చెప్పి, గురజాల రాగానే ఎంత రసపట్టులో ఉన్నా ఆపేసేవాడు. ముందు సీట్లో పెరుగుకుండల గంపతో కోటమ్మవ్వ ఉండేది. గురజాలలో పెరుగు అమ్ముకునే మనిషి. కథలో అడ్డుప్రశ్నలన్నీ ఆమెవే.

"ఆ లోకంలో ఇద్దరు సూర్యుళ్ళవ్వా" అంటాడు ఈయన.

"ఇద్దరా! మనకి ఒక్కడితోనే చావొస్తంది కదయ్యా!"

"రెంటచింతలకి ఇంకో సూర్యుణ్ణి తగిలిస్తే ఎట్టుంటదో అట్టుంటది. మనిషికి రెండు నీడలు పడతయ్యి. శత్రువుకి మాత్రం అసలు నీడే ఉండదు."

"మరి నీళ్ళో?"

"నీళ్ళ కోసమే గదా యుద్ధం."

"ఓసి నీ దుంపతెగ, అక్కడ గూడానా?" అని బుగ్గన వేలేసుకునేది కోటమ్మవ్వ. సాగరు కాలవ నీళ్ళ కోసం తలకాయలు పగలగొట్టుకునే మా ప్రాంతం వాళ్ళకి ఆ లోకం పరాయి లోకం అనిపించలేదు.

ఆ సిపాయిల్లో రకరకాల జాతులవాళ్ళు ఉంటారంట. ఏం తింటారయ్యా అంటే, కారెంపూడి తిరునాళ్ళలో మనం చాపకూడు తిన్నట్టు, కులం లేదు గిలం లేదు, అంతా ఒకే వరసలో కూర్చుని ఒకే కూడు తింటారన్నాడు. ఆ ఇంగ్లీషు పుస్తకం రాసిన మహానుభావుడికి మన చాపకూడు ఎట్టా తెలిసిందా అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. కథ మీదే ఉంది నా ధ్యాసంతా.

ఆ కథలో కెప్టెనమ్మ ఉండేది. ఓడ దిగినప్పుడు ఎంతమంది దిగారో, లేచేటప్పుడు అంతమందీ ఎక్కాలి. కదిలే ముందు ఆమె ద్వారం దగ్గర నిలబడి అడుగుతుంది, "అందరూ ఉన్నట్టేనా?" అని. ఎందుకంటే ఆ ఓడ తయారీయే అట్టాంటిది. వచ్చినప్పటి బరువు ఉంటేనే లేస్తుంది. ఒక్కరు తగ్గినా లేవదు.

"మరి చచ్చినోళ్ళో?" అంది కోటమ్మవ్వ.

"చచ్చినోళ్ళని గూడా మోసుకొచ్చి ఎక్కించాల్సిందే" అన్నాడు. ఆ రోజు ఆయన గొంతు కొంచెం జీరబోయింది. దుమ్ము అనుకున్నాం.

మా బళ్ళో ఇంగ్లీషు మాస్టారు ఒకరోజు అదే బస్సెక్కి ఆ కథ వింటూ, "ఏదీ, పుస్తకం ఓసారి ఇస్తావా, చదివి ఇచ్చేస్తా" అన్నాడు. మిలిట్రీ పుస్తకాన్ని చంకలో బిగించేశాడు. "ఇయ్యను సార్. ఇది డ్యూటీ పుస్తకం" అన్నాడు. మాస్టారు ముఖం మాడ్చుకున్నాడు. బస్సులో ఎవరికన్నా ఏదన్నా ఇచ్చే మనిషి, ఆ ఒక్కటీ ఎవరి చేతికీ ఇవ్వలేదు.

కథ చివరిరోజు బాగా గుర్తు. శత్రువులు చుట్టుముట్టారు. ఓడ దగ్గరికి అందరూ వచ్చారు, ఒక్క కుర్ర సిపాయి రాలేదు. కెప్టెనమ్మ అడిగింది. వాడి చోటు నుంచి జవాబు లేదు. మీట నొక్కారు, ఓడ మూలిగింది కానీ లేవలేదు. "దిగండి అందరూ" అంది కెప్టెనమ్మ. అంతా మళ్ళీ ఆ రెండు సూర్యుళ్ళ ఎండలోకి దిగి, వెతికి, గుంటలో పడున్నవాణ్ణి భుజానేసుకొచ్చారు. అప్పుడు లేచింది ఓడ. బస్సంతా చప్పట్లు కొట్టాం. కోటమ్మవ్వ కళ్ళు తుడుచుకుని, అమ్ముకోవాల్సిన పెరుగు ఒక ముంత నిండా తోడి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చేతిలో పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఇక నేను అసలు సంగతికి రావాలి.

మా తమ్ముడు జోజి ట్రాక్టరు తోలేవాడు. కాలవ దగ్గర నీళ్ళ గొడవలో ఒక రైతు కాళ్ళు విరగ్గొట్టారు. అది చూసినోళ్ళు చానామంది. చూశానని చెప్పింది మావాడొక్కడే. కొట్టినోడి తమ్ముడు సాంబయ్య మా ఇంటికి మనుషుల్ని పంపాడు. మంచిగా చెప్పారు, చెడ్డగా చెప్పారు. మరియమ్మ పటం ముందు కూర్చుని మా అమ్మ ఏడ్చింది. "ఒరేయ్, మనకెందుకురా" అని నేను గూడా అన్నాను. వాడు అన్నం కలుపుతూ తలెత్తకుండా, "చూసింది చూశానని చెప్పకపోతే నాకీ కళ్ళెందుకక్కా" అన్నాడు.

ఏప్రిల్ ఆఖర్లో గురజాల కోర్టులో వాడు సాక్ష్యం చెప్పాల్సిన వాయిదా వచ్చింది. బళ్ళకు సెలవులిచ్చారు. పక్కన ఆడమనిషి ఉంటే వాణ్ణి ఏం చెయ్యరులే అనే పిచ్చి నమ్మకంతో నేనూ వాడితో బయల్దేరాను. అదే బస్సు. మిలిట్రీ మా ఇద్దరి ముఖాలూ చూశాడు. "వాయిదానా?" అన్నాడు. అవునన్నాను. జోజిని కిటికీ పక్కన కాకుండా లోపలి సీట్లో కూర్చోబెట్టాడు. గురజాలకి రెండు టికెట్లు కొట్టాడు. ముందు సీట్లో కోటమ్మవ్వ మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది. ఆమె సాంబయ్యకు సొంత మేనత్త.

"అందరూ ఉన్నట్టేనా?"

"ఉన్నాం" అంది బస్సు.

ఊరు దాటి కొంచెం దూరం పోయాక, రోడ్డు ఎత్తెక్కే చోట, ట్రాక్టరు అడ్డంగా పెట్టి ఉంది. దాని చుట్టూ మనుషులు. కొందరి చేతుల్లో కర్రలు. కొందరి చేతులు తువ్వాళ్ళ కింద ఉన్నాయి, ఆ తువ్వాళ్ళ కింద ఏముందో చెప్పక్కర్లేదు. సాంబయ్య వచ్చి డోరు దగ్గర నిలబడ్డాడు.

"జోజిగాణ్ణి దించండి. మిగతావాళ్ళు పోండి. మీతో మాకు పన్లేదు."

అమ్మ ముఖమే కళ్ళముందు. వెనక సీట్లోంచి ఎవరో, గొంతు తగ్గించి, "దిగరాదూ నాయనా, ఆడోళ్ళూ పిల్లలూ ఉన్నారు" అన్నారు. ఆ మనిషి ఎవరో చూద్దామని గూడా అనిపించలేదు. వాళ్ళ భయం వాళ్ళది. జోజి లేచి నిలబడ్డాడు. నేను వాడి చొక్కా రెండు చేతులా పట్టుకున్నాను. బొత్తాలు తెగాయి.

మిలిట్రీ వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "కూచో. నీకు గురజాలకి టికెట్ కొట్టాను" అన్నాడు. వెళ్ళి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు, రోజూ నిలబడే చోటే.

"ఇది మా ఊరి యవ్వారం మిలిట్రీ. నీకెందుకు?" అన్నాడు సాంబయ్య.

"నీ యవ్వారం నాకొద్దు సాంబయ్యా. నా బస్సు సంగతి చెబుతున్నా. ఒక్కడు తగ్గినా ఇది కదలదు."

"ఎందుకు కదలదు?"

మిలిట్రీ వెనక్కి తిరిగి, "బాషా భాయ్, ఇంజన్ బంద్" అన్నాడు.

బాషా భాయ్ బిత్తరపోయాడు. "ఆపితే మళ్ళీ..." అన్నాడు.

"తెలుసు. బంద్."

ఆగిపోయింది. ఆ బస్సు ఎత్తు మీద చప్పుడు లేకుండా నిలబడితే నాకు చెవులు పనిచెయ్యడం లేదేమో అనిపించింది. ఎక్కడో చేలో కాకి అరిచింది. తొమ్మిది దాటిన ఎండ. ఏప్రిల్ నెల, రెంటచింతల ఎండ! గాలి లేదు. రేకు పైకప్పు కింద మేమందరం పెనం మీద అట్టుల్లా మాడిపోతున్నాం. చంటిపిల్లలు ఏడుపందుకున్నారు.

"ఎవరూ దిగబాకండి" అన్నాడు మిలిట్రీ మాతో. సాంబయ్యతో, "మాకేం తొందర లేదు. సాయంత్రందాకా ఉంటాం" అన్నాడు. ఆ తర్వాత రోజూ అడిగే మాటే, రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు.

"అందరూ ఉన్నట్టేనా?"

ఎవరూ పలకలేదు. ఎట్టా పలుకుతారు? పలికితే సాంబయ్యకు ఎదురు చెప్పినట్టే. వాళ్ళంతా రేపు ఆ ఊళ్ళల్లో బతకాల్సినవాళ్ళు. నేను గూడా పలకలేదు, జోజి చొక్కా పట్టుకునే ఉన్నాను. ఆయన మళ్ళీ అడిగాడు. ఎప్పుడూ అంతే కదా, పలక్కపోతే మళ్ళీ అడుగుతాడు.

"ఉన్నాం!"

కోటమ్మవ్వ. గంప పక్కకు జరిపి లేచి నిలబడింది.

"ఉన్నాం రా సాంబిగా! ఉన్నాం, చూడు! నీ మేనత్త గూడా ఉంది. వాణ్ణి దించుకుంటావా? వాడు దిగితే బస్సు కదలదంటున్నాడు ఈయన. నీ పంతం కోసం ఈ ఎండలో నన్ను మాడ్చి చంపుతావా? నా పెరుగు పులిసిపోతంది, ఎవడిస్తాడురా దాని డబ్బులు, నువ్విస్తావా?"

అంతే. కోటమ్మవ్వే పలికాక ఇంకెవరికి భయం? "ఉన్నాం" అని ఒకడన్నాడు. "ఉన్నాం" అంది పిల్లనెత్తుకున్న తల్లి. దిగరాదూ నాయనా అన్న గొంతే వెనక నుంచి గట్టిగా "ఉన్నాం" అంది. బస్సు దద్దరిల్లింది. నేనెప్పుడు పలికానో నాకే తెలియదు. జోజి ఒక్కడే పలకలేదు, రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

సాంబయ్య అత్తని చూశాడు, బస్సును చూశాడు. కర్రలు పట్టుకున్నవాళ్ళు నుదుళ్ళు తుడుచుకుంటూ నీడ కోసం ట్రాక్టరు చాటుకు జరుగుతున్నారు. ఆ బస్సులో సగం మంది వాళ్ళ వాళ్ళే. ఎవర్నని కొడతారు? సాంబయ్య రోడ్డు మీద ఉమ్మేసి, "పోండి" అన్నాడు. ట్రాక్టరు పక్కకు తీయించాడు.

మిలిట్రీ ఫుట్‌బోర్డు దిగలేదు. "పోవాలంటే నెట్టాలి" అన్నాడు.

"నెట్టుకోండి."

"మావాళ్ళు దిగరు. ఆపించింది మీరు, నెట్టాల్సింది గూడా మీరే."

సాంబయ్య ముఖం చూడాల్సిందే! ఆ మనిషికి అంత ధైర్యం ఎక్కడిదా అని నేను నోరెళ్ళబెట్టాను. గొడవ మళ్ళీ మొదలవుతుందనుకున్నాను. కోటమ్మవ్వ కిటికీలోంచి తల బయట పెట్టింది. "గుడ్లప్పగించి చూస్తారేందిరా, పట్టండి! తిన్న కూడు ఎటు పోయింది?" అని గదిమింది. ఆ గదిమింపుకి ముందు ఒకడు కదిలాడు. తర్వాత ఇంకొకడు. కర్రలు ట్రాక్టరులో పడేశారు. తువ్వాళ్ళ కిందివి గూడా పడేసినట్టున్నారు, ఇనుము మోగింది. మా తమ్ముణ్ణి చంపడానికి వచ్చినవాళ్ళు మా తమ్ముడున్న బస్సు వెనక చేరి, ఎత్తు మీద, చెమటలు కక్కుతూ, "ఐలేసా" అంటూ నెట్టారు. జోజి వెనక అద్దంలోంచి వాళ్ళని చూస్తున్నాడు. నాకు ఏడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది.

ఇంజన్ అందుకుంది. బాషా భాయ్ "యా అల్లా" అని స్టీరింగుకు దండం పెట్టాడు. అంత జరిగాక ఇంకెవరైనా రైట్ అని పారిపోతారా లేదా? ఈయన పోడే! మళ్ళీ అడిగాడు.

"అందరూ ఉన్నట్టేనా?"

"ఉన్నాం" అన్నాం. బస్సు వెనక రొప్పుకుంటూ నిలబడ్డ సాంబయ్య మనిషొకడు గూడా "ఉన్నాం" అన్నాడు. పాపం, వాడూ వారానికోసారి మా బస్సెక్కేవాడే. అలవాటులో నోరు జారాడు. సాంబయ్య వాడి నెత్తి మీద ఒకటిచ్చాడు. మేం నవ్విన నవ్వు గురజాలదాకా ఆగలేదు.

గురజాలలో దిగాక మిలిట్రీ టీకొట్టు దగ్గర నీళ్ళు తాగుతుంటే గ్లాసు పళ్ళకు కొట్టుకోవడం చూశాను. ఆ చొక్కా వీపున చెమటతో అతుక్కుపోయి ఉంది. అదే మొదటిసారి చూడడం. దండం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"భయం వెయ్యలేదా అన్నా?" అన్నాను. అంతదాకా ఆయన్ని ఏ వరసా పెట్టి పిలవలేదు.

"వేసింది టీచరమ్మా. ఎందుకు వెయ్యదు? కానీ పుస్తకంలో అట్టాగే ఉంది గదా" అన్నాడు. అని నా ముఖం చూడకుండా గ్లాసు కడిగి బోర్లించాడు.

జోజి సాక్ష్యం చెప్పాడు. కొన్నాళ్ళు మా ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవు. తర్వాత ఆ రెండు వర్గాలవాళ్ళూ పెద్దమనుషుల్ని పెట్టుకుని రాజీపడ్డారు. మా జోలికి ఎవరూ రాలేదు. బస్సు నెట్టిన సంగతి ఊరంతా చెప్పుకుని నవ్వుతుంటే, ఇక మా మీదికి రావడానికి సాంబయ్యకు ముఖం చెల్లలేదని కోటమ్మవ్వ అనేది. ఇప్పుడు మావాడికి షుగరు, మోకాళ్ళ నొప్పులు, మిరప రేటు పడిపోయిందని రోజూ ఫోన్లో సణుగుడు. ఆ సణుగుడు విన్నప్పుడల్లా నా కడుపు చల్లగా ఉంటుంది. బతికున్నోడే కదా సణిగేది!

మిలిట్రీకి తర్వాత బదిలీ అయింది. నకరికల్లు వైపు ఉండేవాడని విన్నాను. పోయిన సంగతి గూడా ఆలస్యంగానే తెలిసింది. ఆయన వెళ్ళాక మా బస్సుకు కొత్త కండక్టరు వచ్చాడు. మొదటిరోజు ఎక్కగానే "రైట్" అన్నాడు. బస్సంతా ఒక్కపెట్టున "అడగవయ్యా!" అని అరిచింది. ఏమడగాలో తెలియక ఆ అబ్బాయి బిక్కముఖం వేశాడు. చెప్పి అడిగించాం. వాడి తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. ఇప్పుడు బస్సే మారింది, టికెట్లకు మిషన్లొచ్చాయి, సెల్ఫు గూడా పనిచేస్తుంది. అడగడం మాత్రం పోలేదు. ఎందుకడుగుతున్నారో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

ఇదంతా రైల్లో ఆ పిల్లకు చెప్పాను. ఆ పిల్ల మొదట నవ్వింది, తర్వాత నవ్వడం మానేసింది. పుస్తకం చివరి పేజీలు తిప్పి, కొంచెం ఇబ్బందిగా, "మామ్మగారూ, ఇందులో అట్టా లేదు" అంది.

"ఏది లేదు?"

"బరువు తగ్గితే ఓడ లేవదనే సంగతే లేదు. కెప్టెన్ అడుగుతుంది, నిజమే. ఆ సిపాయి దగ్గర నుంచి జవాబు రాదు. ఆమె కొంచెంసేపు చూసి, పోనిమ్మంటుంది. వాణ్ణి వదిలేసి లేచిపోతారు. ఒక మనిషి బరువు తగ్గింది కాబట్టి ఓడ ఇంకా తేలిగ్గా లేచిందని రాశాడు. దీని ముగింపు అదే. అందుకే అంత పేరు దీనికి."

"మళ్ళీ దిగి వెతకరా?"

"లేదు."

"చాపకూడు?"

"అంటే ఏంటి మామ్మగారూ?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఇంగ్లీషు మాస్టారికి ఆ పుస్తకం ఎందుకివ్వలేదో, నేనడిగితే ఎవరూ దిగని చోట బెల్లుతాడు ఎందుకు లాగాడో, పెరుగుముంత పట్టుకుని ఎటు చూశాడో, ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి. పక్కమంచం ఆఫీసరుది ఏ కథో, ఈయనది ఏ కథో, అక్కడ ఎవరు ఎవర్ని వదిలేసి వచ్చారో నాకు తెలియదు. తెలుసుకోవాలని గూడా లేదు. లోపల ఒకటి చదువుకుని, పైకి ఇంకొకటి చెప్పాడు. అంతమందిమి ఆ చెప్పిందే నమ్మాం. నమ్మాం కాబట్టే ఆ ఎండలో కదలకుండా కూర్చున్నాం. ఓడ తేలిగ్గా లేస్తుందని మాకు ముందే తెలిసుంటే? నాకు ఇంగ్లీషు రానందుకు జీవితంలో మొదటిసారి దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ పిల్ల మంచినీళ్ళ సీసా ఇచ్చింది. తాగి, కళ్ళు తుడుచుకున్నాను.

రెంటచింతల స్టేషన్లో జోజి వచ్చి ఉన్నాడు. "రైలు ఆలస్యం, ఎండలో నిలబడి చచ్చా" అని మొదలుపెట్టాడు. నడుస్తూ నడుస్తూ వాడికి చెప్పాను, పుస్తకంలో ఓడ లేచిపోయిందని, మిలిట్రీ చెప్పింది మిలిట్రీ అల్లుకున్నదని. వాడు ఆగిపోయాడు. నా సంచి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"అక్కా, ఈ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పబాక" అన్నాడు.

"ఏంరా?"

"నా మనవరాలు కాలేజీకి ఆ బస్సులోనే పోతంది."